అమ్మోరు అడిగిన గంజి

ఈమధ్య మా పెన్షనర్ల గుంపుతో కలిసి పర్షియా వైపు ఒక పాత పట్టణం చూసి వచ్చాను. కౌలాలంపూర్‌లో విమానం ఎక్కేటప్పుడే మా అమ్మాయి హెచ్చరించింది, కనిపించినదల్లా కొనకు, పెట్టినదల్లా తినకు అని. రెండూ చేశాను. ఇటుక కమానుల కింద ఎంత నడిచినా తరగని బజారు, అందులో పసుపు, ఎండు నిమ్మకాయలు, గులాబీ రేకులు రాశులు పోసి ఉన్నాయి. బజారు మధ్యలోనే ఒక పాత స్నానశాల. గుండ్రటి కప్పుకి గాజు బిళ్ళలు అమర్చి ఎండని లోపలికి దింపారు. ఇప్పుడక్కడ ఎవరూ స్నానం చెయ్యరు, టిక్కెట్టు కొనుక్కుని చూస్తారు. పూర్వం ఆడవాళ్ళు అక్కడికి ఒంటి మురికి కన్నా కడుపులో మాటలు వదిలించుకోవడానికే వచ్చేవారని గైడు పిల్ల చెప్పింది. ఆడవాళ్ళకి ఎక్కడైనా అంతే అనుకున్నాను.

అక్కణ్ణించి పక్క సందులోగుండా మసీదు వాకిట్లోకి వెళ్ళాం. నీలం పలకల గోడలు చూసి అందరూ ఫోటోల్లో పడ్డారు. నాకు మాత్రం కళ్ళకన్నా ముక్కు ముందు పనిచేసింది. ఒక మూల పెద్ద గుండిగ పెట్టి ఇద్దరు ఆడవాళ్ళు తెడ్డుతో గంజి తిప్పుతున్నారు. ఎవరిదో మొక్కట, దారినపోయేవాళ్ళందరికీ పంచుతున్నారు. ఒకావిడ గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. వేయించిన ఉల్లి, పుదీనా, మెత్తగా ఉడికిన గింజల వాసన. నేను అడిగిన మొదటి మాట, "ఇందులో మాంసం ఉందా?" అని. లేదన్నారు. అయినా తాగకుండా గిన్నెని రెండు చేతులా గుండెకి హత్తుకున్నాను. గైడు పిల్ల చలి అనుకుని తన శాలువా తీసి కప్పింది. చలి కాదు. ఆ ప్రశ్న నేను చిన్నప్పుడొకసారి, ఇంకొక మసీదు వాకిట్లో నిలబడి అడిగాను.

సుంగై పెటాని పట్నానికి కాస్త ఎడంగా ఉండే రబ్బరు తోట మాది. ఇప్పుడు ఆ తోటా లేదు, మా ఇళ్ళూ లేవు. అక్కడొక ఫ్యాక్టరీ, దాని ముందు మోటారు సైకిళ్ళ బారు. అప్పట్లో చెక్క ఇళ్ళు ఒకే వరసలో ఉండేవి, వాటిని లైన్లు అనేవాళ్ళం. మా లైనంతా తెలుగువాళ్ళే, ముత్తాతల నాడు ఉత్తరాంధ్ర తీరంలో ఓడెక్కి వచ్చినవాళ్ళ సంతానం. పులిసిన రబ్బరు పాల వాసన మా బట్టలకీ జుట్టుకీ పట్టి ఉండేది. బళ్ళో పట్నం పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. మాకైతే అదొక వాసనని కూడా తెలీదు.

ఉపవాసాల నెల వస్తే మాత్రం ఆ వాసనని మింగేసే వాసన ఇంకొకటి వచ్చేది. మా లైను వెనక కంచె, కంచె అవతల మలాయ్‌వాళ్ళ ఊరు. అక్కడి మసీదులో మధ్యాహ్నం దాటాక కొబ్బరిపాలు పోసి బియ్యం గంజి వండేవాళ్ళు. బుబుర్ అంటారు దాన్ని. పొద్దు వాలేముందు వచ్చినవాళ్ళందరికీ పంచేవాళ్ళు. నేనూ తమ్ముడూ కంచె పక్క జామచెట్టెక్కి, మామ్మ ఇచ్చిన మరమరాలు బుక్కుతూ ఆ వాసన పీల్చేవాళ్ళం. "వాసన నంజుకుంటన్నాం," అనేవాడు తమ్ముడు. అందులో గొడ్డు మాంసం వేస్తారని మాకు ఉగ్గుపాలతోనే చెప్పి పెట్టారు. కంచె దాటితే కాళ్ళు విరగ్గొడతామని కూడా చెప్పారు.

ఒక ఏడు సరిగ్గా ఆ నెలలోనే మా ఇంటికి అమ్మోరు వచ్చింది. తమ్ముడి ఒళ్ళంతా పొక్కులు. మాలో దాన్ని జబ్బు అనకూడదు, పిల్లవాడి ఒంట్లోకి అమ్మవారు దిగిందని అనాలి. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తిరగమోత లేదు, చేప లేదు, గట్టిగా మాట లేదు. అమ్మోరు వెళ్ళిందాకా వాడు పిల్లవాడు కాదు, వాడే అమ్మోరు. వాణ్ణి 'ఒరే' అనకూడదు, విసుక్కోకూడదు, ఏమడిగినా లేదనకూడదు. మామూలు రోజుల్లో మామ్మ చేతి జెల్లకాయలతో కడుపు నింపుకునే వెధవ ఒక్కసారిగా మహారాజయ్యాడు. "ఏటి కావాల తల్లీ?" అని మామ్మ వాడి ముందు చేతులు కట్టుకుని అడుగుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. వాడు నా దిండు అడిగాడు, ఇచ్చాను. నా రబ్బరు బంతి అడిగాడు, ఇచ్చాను. నన్ను గుంజీలు తియ్యమన్నాడు, పళ్ళు నూరుకుంటూ తీశాను.

తర్వాత వాడు అడగడం మానేశాడు. పొక్కులు నోట్లోకి, గొంతులోకి దిగాయి. మంచినీళ్ళు పోసినా పక్కనుంచి కారిపోయేవి. ఊపిరి గబగబా తీసేవాడు, మధ్యలో చిన్నగా మూలిగేవాడు. వాడు మళ్ళీ గుంజీలు తియ్యమంటే బాగుండునని నేను దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఆ పొద్దున డ్రెస్సరు వచ్చాడు. తోట ఆసుపత్రిలో మందులిచ్చే తమిళాయన, మాతో మాట్లాడీ మాట్లాడీ మా తెలుగు పట్టేశాడు, మాట చివర అక్కడి అందరిలాగే ఒక 'లా' తగిలించేవాడు. వాడి రొమ్ముకి చెవి ఆనించి విన్నాడు. బయటికొచ్చి నాన్నతో నెమ్మదిగా అన్నాడు: "ఊపిరితిత్తులకి దిగినాది. సాయంకాలం ఆసుపత్రి బండి పట్నం ఎల్తాది, దాన్లో పంపేయండి. మళ్ళీ బండి ఎల్లుండిగానీ లేదు. అందాకా ఉంటాడని నాను సెప్పలేను లా."

మామ్మ వచ్చి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "నా గుమ్మం దాటి అమ్మోరు ఆ బండెక్కదు. ఒకసారి ఎక్కించినాం. ఏటైనాది?"

నాకు పైన ఒక అక్క ఉండేది. ఆమెకీ ఇలాగే అమ్మోరు వస్తే అదే బండిలో పంపారు, తిరిగి రాలేదు. అమ్మోరిని ఇంట్లోంచి గెంటేశాం, అందుకే పిల్లని తీసుకుపోయిందని మామ్మ నమ్మకం. తను బతికుండగా ఈ ఇంటి బిడ్డ ఆ బండెక్కదని ఆ రోజే లైనంతా చూస్తుండగా అమ్మోరి మీద ఒట్టు పెట్టుకుంది. మా లైన్లో అమ్మోరి పూజలు జరిపించేది ఆవిడే కాబట్టి ఆ ఒట్టు ఉత్త ఒట్టు కాదు. అందరి పిల్లలకీ అదే చట్టమైపోయింది.

నాన్న తన తల్లి ముందు ఎప్పుడూ నోరెత్తి ఎరగడు. ఆ రోజు ఎత్తాడు.

"అమ్మా, సాయంకాలం దాకా సూస్తాను. ఆడి గొంతులోకి ఏటీ దిగకపోతే నిన్ను దాటుకునైనా ఎత్తుకెల్తాను."

"నన్ను తొక్కి ఎల్లు," అంది మామ్మ.

నాన్న చేతులు వెనక్కి కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ తమ్ముడి పక్కన కూర్చుని వేపమండతో విసురుతూ ఉంది. ఎండ నెత్తి మీంచి జరుగుతోంది. బండెక్కితే అక్కలాగే రాడు. ఎక్కకపోతే డ్రెస్సరు చెప్పినట్టు ఉండడు. ఏది కోరుకోవాలో కూడా నాకు తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక కంచె అవతలి నుంచి ఆ వాసన వచ్చింది. తమ్ముడు కళ్ళు తెరిచాడు. "ఆ గంజి," అన్నాడు. గొంతు బొంగురు. "మసీదు గంజి."

ఎన్నాళ్ళకో వాడు అడిగిన మాట అది. మామ్మ లేచి నిలబడింది. అమ్మ గాభరాపడింది. "అత్తా, అందులో గొడ్డు మాంసం ఉంటాది."

"అమ్మోరు అడిగినాది. లేదనకూడదు."

"అమ్మోరు గొడ్డు మాంసం అడుగుతాదా అత్తా?"

అత్తగారిని ఎదురు ప్రశ్న అడగడం అమ్మకి అదే మొదలు. మామ్మ అటక మీది ఇత్తడి గిన్నె దించి బూడిదతో తోమింది. "ఒలే గుంటా, నీకు బడి మలాయ్ వచ్చు. నాతో రా," అంది.

పరాయి దేవుడి వాకిట్లోకైనా సరే, తల మీద నీళ్ళు పోసుకోకుండా వెళ్ళే మనిషి కాదు ఆవిడ. లైను చివర రేకుల దడి కట్టిన సిమెంటు తొట్టి ఉండేది, అందరి స్నానాలూ అక్కడే. అమ్మోరున్న ఇంటివాళ్ళు అటు రాకూడదని కట్టుబాటు. పని నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ నవ్వుకుంటున్నారు. మమ్మల్ని చూడగానే నవ్వులు ఆగిపోయాయి. చెంబులూ బకెట్లూ చంకలోకి లాక్కున్నారు.

"ఇదేటి మామ్మా? కట్టుబాటు పెట్టిందే నువ్వు. మాకు మాత్రం గుంటలు లేరా?" అంది పక్కింటావిడ.

"నాను లోపలికి రానే. ఇక్కడే కూకుంటాను. దూరం నుంచే పోయండి."

మామ్మ దడి బయట నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎవరూ కదలకపోతే బండి టైము అయిపోతుందని నాకు ఏడుపొచ్చింది. చివరికి కట్టుబాటు గుర్తు చేసిన ఆ పక్కింటావిడే బకెట్టు నింపి దూరం నుంచి విసిరింది. నీళ్ళు మామ్మ ముఖాన చరిచినట్టు పడ్డాయి. ఆవిడ కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు పోశారు.

"ఎక్కడికెల్తన్నావు మామ్మా, ఈ ఏళప్పుడు?"

"మసీదుకి," అంది మామ్మ లేస్తూ. ఎవరి చేతిలోని చెంబో కింద పడింది.

కంచె దాటాం. ఉపవాసాల నెలలో మసీదు దారి పొడుగునా బజారు పెట్టేవాళ్ళు. బొగ్గుల మీద మాంసం పుల్లలు కాలుతున్నాయి, గులాబీ రంగు పానకం గాజు పీపాల్లో తొణుకుతోంది, అరిటాకుల్లో చుట్టిన తీపి ముద్దలు, చెరకు రసం. వేరే రోజైతే నేను అక్కడే కాళ్ళు పాతుకుని నిలబడేదాన్ని. ఆ రోజు ఒక్కటే భయం, మా గాలి ఎవరికైనా సోకుతుందని. "ఎవులికీ తగలకు," అని మామ్మ పళ్ళ బిగువున అంటూనే ఉంది. తడి జుట్టు, పసుపు చీర, నడుముకి దోపిన వేపమండ, చేతిలో ఇత్తడి గిన్నె. ఒక చంటివాడు గాలిపటం తోక పట్టుకుని మా మీదికి పరిగెత్తుకొచ్చాడు. వాణ్ణి తప్పించబోయి మామ్మ పక్కకి తూలి కొట్టు రాటకి గుద్దుకుంది. మోచెయ్యి చీరుకుపోయింది. పిల్లవాడికి తగల్లేదని చూసుకున్నాకే రక్తం తుడుచుకుంది.

మసీదు ప్రహరీ బయట ఆగిపోయి, గిన్నె నా చేతికిచ్చి నన్ను లోపలికి తోసింది. రేకుల పాక కింద నేనూ తమ్ముడూ చెట్టు మీంచి చూసే ఆ గుండిగ. ఇద్దరు కుర్రాళ్ళు తెడ్లతో తిప్పుతున్నారు. పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న ముసలి వంటాయన. "ఇందులో మాంసం ఉందా తాతా?" అని అడిగాను మలాయ్‌లో. ఉంది. మా తమ్ముడికి ఒంట్లో బాగాలేదని, నోరంతా పుళ్ళని, ఏమీ తినడం లేదని, ఈ గంజే అడుగుతున్నాడని, మేం గొడ్డు మాంసం ముట్టమని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. పొక్కుల సంగతి కూడా చెప్పాను, అందుకే మామ్మ లోపలికి రాలేదని.

"పైపైన తీసి ఇద్దాం, ముక్క రాకుండా," అన్నాడు ఒక కుర్రాడు జాలిగా.

నిజం చెప్తున్నాను, నేను గిన్నె చాపాను. సూర్యుడు కొబ్బరిచెట్ల మధ్యకి దిగిపోతున్నాడు, అవతల బండి.

ముసలాయన కుర్రాడి తెడ్డు పట్టుకుని ఆపాడు. "పంది ముక్క తీసేసి పైపైన పోస్తే నువ్వు తాగుతావా?" అన్నాడు. కుర్రాడు తలొంచుకున్నాడు. ఆయన నా చేతిలోని గిన్నెలోనే బియ్యం కడిగి పోశాడు. పెద్ద పొయ్యిలోంచి నిప్పులు లాగి, మూడు రాళ్ళు పేర్చి, గిన్నెని వాటి మీద పెట్టాడు. కొబ్బరిపాలు, అల్లం, మెంతులు. ఉల్లిపాయలు వేయించబోతుంటే గోడ బయటినుంచి మామ్మ కేకేసింది: "తిరగమోత వద్దని సెప్పవే!" చెప్పాను. "ఉల్లి లేకపోతే దీనికి బతుకేముంది?" అని గొణుక్కుంటూ పక్కన పెట్టేశాడు.

గంజి ఉడకడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు. అంతసేపు మళ్ళీ నా జీవితంలో దేనికీ పట్టలేదు.

చివర్లో ఉప్పు వేసి, ఆయన కొబ్బరిచిప్ప గరిటె అంచు నాలిక్కి తాకించుకున్నాడు. క్షణం ఆగి పక్కకి ఉమ్మేసి, మూతి తుడుచుకున్నాడు.

మామ్మ గోడ మీదికి వంగింది. "ఆయన ఒక్కపొద్దు గదే? నోట్లో ఏసుకున్నాడేటి? అడుగు."

అడిగాను. పెద్దవాళ్ళని అలా అడగొచ్చో లేదో కూడా ఆలోచించలేదు. ఆయన కోప్పడలేదు, గోడ వైపు తిరిగి ఆవిడకే చెప్పాడు.

"పిల్లాడి నోరు పుండన్నారు గదమ్మా. ఉప్పు ఎక్కువైతే మండుతుంది. మింగకుండా రుచి చూడొచ్చు. నేను నా ఉపవాసమే చూసుకుంటూ కూర్చుంటే వాడి నోరు ఎవరు చూస్తారు? దేవుడికి ఆ మాత్రం తెలీదా?"

సంత బేరాల మలాయ్ మామ్మకీ వచ్చు. అయినా నాచేత మళ్ళీ తెలుగులో చెప్పించుకుంది. గిన్నె కొంగుతో పట్టుకుని, మరో చేత్తో ఆయనకి దండం పెట్టింది.

తిరుగు దారిలో పరుగులాంటి నడక. అంత నడకలోనూ అదే గొడవ.

"ఉమ్మేసినాడు గదా?"

"ఉమ్మేసినాడు మామ్మా."

"మింగలేదు?"

"లేదు."

"ఆళ్ళ దేవుడు ఊరుకుంటాడంటనా?"

"ఊరుకుంటాడంట."

మేం కంచె దాటేసరికి బండి హారన్ వినిపించింది. మా వాకిట్లో డ్రెస్సరు, నాన్న. ప్రతి గుమ్మంలోనూ జనం. అందరి చూపులూ మామ్మ మీదే. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, అమ్మని లేవమని, తమ్ముడి తల ఒళ్ళోకి తీసుకుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మొదటి చెంచా బయటికి వచ్చేసింది. రెండోది నోట్లోనే ఉండిపోయింది. తర్వాత గొంతు కదిలింది. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తూ నాన్నకి చెప్పడానికి బయటికి పరిగెత్తింది.

ఇక వాడు బండెక్కనక్కర్లేదని నేను అనుకున్నాను. గొంతు దిగింది గదా, మామ్మ గెలిచింది గదా. కానీ మామ్మ వాడి రొమ్ము మీద అరచెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి వాడి ఊపిరికి టకటకా లేచి పడుతోంది. వాకిలి వైపు ఒకసారి చూసింది. వంగి, వాడి చెవిలో అంది:

"నాయనా, ఆసుపత్రికి ఎల్తానని అను. గట్టిగా అను. బయటోళ్ళకి ఇనపడాల."

అమ్మోరు వచ్చాక ఆవిడ వాణ్ణి తల్లీ అనకుండా నాయనా అనడం అదే మొదటిసారి. వాడు తెల్లబోయి చూశాడు. "అను, నా బాబు కదూ," అని బతిమాలింది. వాడు ఉన్న బలమంతా కూడగట్టుకుని, "ఆసుపత్రికి ఎల్తాను," అన్నాడు.

మామ్మ తల ఎత్తేసరికి నేను ఆవిడనే చూస్తున్నాను. ఆవిడ నన్ను చూసింది. లేచి అరుగు మీదికి వెళ్ళి, లైనంతా వినేలా చెప్పింది: "అమ్మోరు బండెక్కుతానంటంది. అడ్డు తప్పుకోండి!"

నాన్న వాణ్ణి ఎత్తుకుని పరుగు తీశాడు, వెనక అమ్మ. మామ్మ తన నడుములోని వేపమండ బండి తలుపుకి దోపి, అది మలుపు తిరిగేదాకా నిలబడింది.

తమ్ముడు బతికాడు. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి, చిక్కి సగమై ఇంటికొచ్చి, వచ్చిన పూటే నా దిండు మళ్ళీ లాక్కున్నాడు. అమ్మోరే నోరు తెరిచి బండి అడిగిందని లైనంతా పాకిపోయింది. ఆ తర్వాత ఎవరింట్లో పిల్లకి పొక్కులు వచ్చినా బండికి అడ్డు చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు వాడికి మనవలున్నారు. వాళ్ళని చుట్టూ కూచోబెట్టుకుని, "నా నోట అమ్మోరు పలికినాది లా," అని ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటాడు. వాడికి చెవిలో చెప్పిన మాట జ్ఞాపకం లేదు. నేను గుర్తు చెయ్యలేదు.

ఆ ఏడు అమ్మోరి సంబరానికి లైను పెద్దలు మామ్మ దగ్గరికి వచ్చారు. ఏటా ఘటం నెత్తిన పెట్టుకుని అందరికన్నా ముందు నడిచేది ఆవిడే. ఆవిడ మోకాళ్ళు చూపించి, నొప్పి, ఇక ఎత్తలేనంది. అమ్మ ఎత్తింది. ముసల్దానికి ఓపిక తగ్గిందన్నారంతా. పొద్దున్నే రబ్బరు పాల బకెట్లు రెండు చేతులా మోసి వచ్చిన మనిషికి ఓపిక తగ్గడమేమిటో ఎవరూ అడగలేదు. ఊరేగింపులో డప్పులకి దూరంగా, పిల్లలకన్నా వెనక, ఒక్కతే నడిచింది.

ఆ సాయంత్రం ఆవిడ కాళ్ళు పడుతూ అడిగాను, మోకాళ్ళు నిజంగా నొప్పా అని.

"ఆయమ్మ పేరు సెప్పి అబద్దమాడినాను. ఈ నెత్తి మీద ఆయమ్మ ఎలా కూకుంటాది?"

"మసీదు తాత సెప్పినాడు గదా మామ్మా, దేవుడు ఊరుకుంటాడని."

"ఆళ్ళ దేవుడు ఊరుకుంటాడేమో. మన అమ్మోరు ఊరుకోదు."

"మరి అలాగని నీకు ముందే తెలుసా?"

మామ్మ వాకిట్లోకి చూసింది. అక్కడ తమ్ముడు నా బంతి గోడకేసి కొడుతున్నాడు, వద్దన్నకొద్దీ ఇంకా గట్టిగా.

"తెలిసే ఆడినానే గుంటా," అంది. "ఆ కాలు పట్టు."